ఖాడీపాడా గుడి పక్కగుమ్మం

యోహానుకు చెవుడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఠాణే పక్కన ఈ భివండీలో అతన్ని కలిసినవాళ్ళలో సగం మంది పొగరుబోతు అనుకుని వెళ్ళిపోయారు. పిలిస్తే పలకడు. హారన్ కొడితే పక్కకు జరగడు. అందులో పొగరేమీ లేదు. టెంఘర్‌లో జీవితమంతా సాంచాల మధ్య నిలబడినవాడి చెవులు అంతకంటే బాగుండవు. పవర్‌లూమును మావాళ్ళు సాంచా అంటారు. ఒక కార్ఖానాలో నలభై సాంచాలు కలిసి కొట్టుకుంటూ ఉంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకే మేమందరం పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. అతని పక్క సాంచాల మీద నేనూ చాలా ఏళ్ళు నేశాను. నాకు ఒకటిన్నర చెవి మిగిలింది. అతనికి రెండూ పోయాయి.

నా పేరు స్వామి. ఇప్పుడు వరాలా తలావ్ దగ్గర చిన్న కిరాణా కొట్టు పెట్టుకుని బతుకుతున్నాను. నాకు కోపం ఎక్కువని నా భార్య సమ్మవ్వ అందరికీ చెబుతుంది. యోహాను సంగతి చెప్పేటప్పుడు ఆ కోపం వస్తుంది. నేను ఆపుకోదలచుకోలేదు.

యోహానుది హుజూరాబాద్ అవతల ఒక పల్లె. సెంటు భూమి లేని కుటుంబం. వాళ్ళ నాయన ఊళ్ళో చిన్న చర్చిని చూసుకునేవాడు. మావైపు క్రైస్తవులు చర్చిని గుడి అనే అంటారు. ఆ గుడికి ఏటా సున్నం కొట్టడం, ఈస్టరుకు ముందు సమాధులన్నీ గోకి, కడిగి, సున్నం వేసి తెల్లగా చేయడం ఆయన పని. ఈస్టరు నాడు తెల్లవారుజామునే ఊరంతా సమాధుల దగ్గరికి వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. చచ్చిపోయినవాళ్ళ ఇల్లు ఆ రోజు మురికిగా ఉండకూడదు. సున్నంలో తుమ్మజిగురు ఎంత, నీలిమందు ఎంత అన్నది యోహానుకు నాయన దగ్గర అబ్బిన ఒకే ఒక్క ఆస్తి. భివండీకి వచ్చాక కూడా అతని గది మేమంతా అద్దెకున్న వరసగదుల చాలీలో అన్ని గదులకంటే తెల్లగా ఉండేది. ఆదివారం ప్రార్థనకు తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళి, చెవులు వినపడక, అందరూ పాట ముగించి కూర్చున్నాక ఇంకో చరణం పాడేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. అతని భార్య మార్త వదిన మోచేత్తో పొడిచేది. అప్పుడు కూర్చునేవాడు.

వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మోజెస్. చిన్నది శారోను.

ఆ పెద్ద వరదల ఏడు కామ్‌వారీ నది మా చాలీలోకి వచ్చింది. నీళ్ళు తీశాక జ్వరాలు వచ్చాయి. శారోనుకు ఆరేళ్ళు. సర్కారు దవాఖానాలో రెండు రోజులు ఉండి పోయింది. క్రైస్తవుల శ్మశానం దూరం, దారంతా ఇంకా నీళ్ళ కిందే ఉంది. లారీవాళ్ళు రామన్నారు. బిడ్డను పెట్టుకుని ఎంతసేపని కూర్చుంటాం? కార్ఖానాలో మాలు దించే కోళీ ముసలాయన ఒకడు మా దగ్గరికి వచ్చి, మా ఖాడీపాడాలో పాడుబడ్డ దేవళం ఒకటి ఉంది, మీ దేవుడిదే, అక్కడ గట్టు మీద మట్టి పొడిగా ఉంటుంది అన్నాడు. ఖాడీపాడా కాల్హేర్ దాటి, ఖాడీ అనే ఉప్పునీటి పాయ ఒడ్డున ఉన్న, చేపలు పట్టే కోళీల పల్లె. నేనూ, మాతో పాటు నేసే అంకుశమూ బిడ్డ పెట్టె మోసుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలో నడిచి వెళ్ళాం.

ఎప్పుడో ఓడల మీద వచ్చినవాళ్ళు కట్టుకున్న గుడి అని అక్కడివాళ్ళు అనుకుంటారు. కప్పు ఎప్పుడో పడిపోయింది. నల్లరాతి గోడలు, ముందు ఒక కమాను, పక్కన చిన్న గుమ్మం, దాని కింద ఒకే రాతితో చేసిన పెద్ద మెట్టు. ఆ మెట్టు పక్కనే శారోనును పాతిపెట్టాం. మెట్టు మీద కూర్చుని చెయ్యి చాస్తే సమాధి అందేంత దగ్గర. యోహాను కావాలనే అంత దగ్గర తవ్వించాడు. పిల్ల ఒక్కతే పడుకునేది కాదు, ఎవరో ఒకరి చెయ్యి మీద ఉండాల్సిందే.

ఆ తర్వాత ఏటా ఈస్టరుకు వారం ముందు యోహాను సున్నం డబ్బా పట్టుకుని ఖాడీపాడా పోయేవాడు. ఇటుకలు పేర్చిన ఆ చిన్న సమాధిని గోకి, కడిగి, సున్నం వేసేవాడు. పని అయ్యాక పక్కగుమ్మం మెట్టు మీద కూర్చుని చెయ్యి సమాధి మీద పెట్టుకునేవాడు. ఈస్టరు తెల్లవారుజామున మార్త వదిన, మోజెస్ వచ్చేవాళ్ళు. ఒకటి రెండుసార్లు నేనూ వెళ్ళాను. మాది వేరే దేవుడే, కానీ ఆ పెట్టె మోసిన భుజం నాది.

ఇంతలో కాల్హేర్ మారిపోయింది. వరి మడులను రాళ్ళూ మట్టీ వేసి పూడ్చి గోడౌన్లు లేపారు. ఒకదాని వెనక ఒకటి, ఒకదాన్ని తాకి ఒకటి. దేశంలో ఎవడు ఫోను నొక్కి ఏది కొన్నా ముందు మా దగ్గరికే వస్తుంది. సాంచాలు మూతపడుతున్నాయి కాబట్టి మా పిల్లలంతా ఆ గోడౌన్లలోనే దూరారు. మోజెస్ కూడా అక్కడే పార్సిళ్ళు స్కాన్ చేసే పనిలో చేరాడు. ఒకరోజు వాడు నా కొట్టు ముందు నిలబడి, "చిన్నాయినా, ఖాడీపాడా జమీన్ మొత్తం ఒక సేఠ్ తీసుకున్నడు. ఆ దేవళం కూడా అండ్లనే ఉన్నది. బాపుకు ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

చెప్పాల్సి వచ్చింది. యోహాను వాడి పెదాలనే చూసి, మళ్ళీ చెప్పమన్నాడు. అతనికి అర్థం కానిది ఏమీ లేదని మాకు తెలుసు. గోడౌన్ వస్తే శారోను మీద కాంక్రీటు పోస్తారు. అతనికి ఇక అదే ఒక్క విషయం.

సరిగ్గా అప్పుడు అనిత అనే మేడమ్ వచ్చింది. పాత కట్టడాలను కాపాడే సర్కారు ఆఫీసులో పని ఆమెది. ఎవరు చెప్పారో తెలియదు, జీపు వేసుకుని ఖాడీపాడాకు వచ్చి, గుడి అంతా తిరిగి, ఫోటోలు తీసుకుని, ఇటువంటిది ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదని చాలా సంతోషపడింది. కొన్ని నెలలకు గుడి ముందు నీలం బోర్డు పాతారు. రక్షిత కట్టడం అని. అయితే అది మొదటి ప్రకటన మాత్రమే. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి గడువు ఉంటుంది, ఆ తర్వాత పెద్ద అధికారులు స్వయంగా వచ్చి చూసి ఖాయం చేస్తారు. ఖాయమైతే గుడి చుట్టూ ఎవ్వరూ గునపం దించకూడదు. సేఠ్ కాదు, వాడి తాత వచ్చినా సరే. అనిత మేడమ్ ఇదంతా యోహానుకు నిదానంగా, మొహం అతని వైపే పెట్టి చెప్పింది. "చాచా, మేం మళ్ళీ వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అంది హిందీలో.

అంతే, యోహాను సాంచాలు వదిలేశాడు. ఎవరూ పెట్టుకోని కావలివాడై కూర్చున్నాడు. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళడం, చీకటి పడ్డాక రావడం. మేకలను తోలేవాడు, రాళ్ళు పీకుతున్నవాళ్ళను తిట్టేవాడు. ఒక ఈల కూడా కొన్నాడు. తనకే వినపడని ఈల ఊదుతూ గుడి చుట్టూ తిరుగుతుంటే చూసి నేను, "అన్నా, అది మోగుతున్నదో లేదో నీకెట్ల తెలుస్తది?" అని అడిగాను.

"పోరగాళ్ళు ఉరుకుతున్నరు గదా. మోగుతున్నట్టే" అన్నాడు.

ఆ ఏడాది అతన్ని అంత సంతోషంగా చూడటం నాకు కొత్త. ఇరవై ఏళ్ళుగా బిడ్డకు ఏమీ చేయలేకపోయాననుకున్నవాడికి చేయడానికి ఒక పని దొరికింది.

పెద్ద అధికారులు ఈస్టరు దాటిన వారంలో వస్తారని కబురు వచ్చింది. యోహాను మోజెస్‌ను తీసుకెళ్ళి బోర్డు చదివించాడు. వాడు మరాఠీ బడిలో చదివినవాడు. కట్టడాన్ని పగలగొట్టినా, పాడు చేసినా, వికారం చేసినా శిక్ష అని ఉంది. "వికారం జేసుడంటే ఏంది రా?" అని అడిగాడు యోహాను.

"గదే బాపూ, దివాల్ మీద పేర్లు గీకుడు, దిల్ బొమ్మలు ఏసుడు. గట్లాంటివి" అన్నాడు మోజెస్.

వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ యోహాను తలెత్తి గోడలు చూశాడు. నిజంగానే చెయ్యి అందినంత మేర బొగ్గుతో, ఇటుక ముక్కతో ప్రేమికుల పేర్లు, బాణం గుచ్చిన గుండెలు. పైన పాచి. ఒక మూల రావి మొలక పెట్టిన పగులు. పెద్దవాళ్ళు వచ్చి ఈ అవతారం చూస్తే ఏమంటారు? ఇదా మీరు కాపాడమన్నది, ఇది ఎప్పుడో పోయింది అనరా?

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాడు. తన గొంతు తనకే వినపడనివాడు కాబట్టి గట్టిగానే అరిచాడని తర్వాత సమ్మవ్వకు ఎవరో చెప్పారు. "సర్కారోళ్ళు మన గుడిని జూడనీకి వస్తున్నరు. సుట్టం వస్తున్నడంటే ఇల్లు గిట్లనే పెట్టుకుంటమా? మా నాయినుంటే పెట్టనిచ్చెటోడా?" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పేవాడు మా తెలంగాణ జనంలో ఎవడున్నాడు? పండగొస్తే సున్నం వేస్తాం. పెళ్ళొస్తే వేస్తాం. తెల్లగోడ అంటే ఆ ఇంట్లో మనుషులున్నారని, ఆ ఇంటిని పట్టించుకునేవాడు ఒకడున్నాడని. దాన్ని కాపాడటం అని కాక మరేమంటారో మాలో ఎవరికీ తెలియదు.

శనివారం అందరం వెళ్ళాం. నేను కొట్టు మూసి నిచ్చెన తీసుకెళ్ళాను. ఇనుప బ్రష్షులతో పాచి గోకారు, పేర్లు గోకారు, గుండెలు గోకారు. రావి మొలక పీకి పగులులో సిమెంటు కూరారు. మోజెస్ స్నేహితులు పైపు ముక్కలు అతికించి శిలువ చేసి కమాను మీద నిలబెట్టారు. యోహాను డ్రమ్ము దగ్గర నిలబడి సున్నం కలిపాడు. జిగురు, నీలిమందు, అన్నీ నాయన లెక్క ప్రకారం. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు.

లోపలి గోడ దగ్గర మార్త వదిన గోకుతూ ఆగిపోయింది. పాచి కింద పాత గచ్చుపూత మీద ఎర్రటి గీతలు, తీగలాగా, మధ్యమధ్య పువ్వుల్లాగా. "ఏమయ్యా, ఈడ పూలున్నట్టున్నయి. గీ గోడ ఉండనియ్యరాదూ" అంది.

యోహాను వచ్చి ఆమె పెదాలు చూశాడు, గోడ చూశాడు. "మరకలే. గోకు. లేకుంటే సున్నం ఏసినంక ఎర్రగ ఊరి పైకొస్తయి" అన్నాడు. ఆమె ఇంకో క్షణం నిలబడి, గోకింది.

సాయంత్రానికి గుడి మెరిసిపోయింది. ఖాడీ అవతలి ఒడ్డు నుంచి కూడా తెల్లగా కనిపించింది. కోళీ ఆడవాళ్ళు బయటికి వచ్చి చూశారు. మరునాడు ఈస్టరు తెల్లవారుజామున మావాళ్ళందరూ అక్కడే పాడారు. కొవ్వొత్తుల వెలుగు ఆ గోడల మీద పడుతుంటే నాకు కూడా ఒళ్ళు పులకరించింది. యోహాను ఒక చరణం ఎక్కువ పాడాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అధికారులు వచ్చిన రోజు యోహాను కొత్త తెల్ల చొక్కా వేసుకుని పక్కగుమ్మం మెట్టు దగ్గర నిలబడ్డాడు. నేను అతని పక్కన ఉన్నాను. రెండు జీపులు వచ్చి ఆగాయి. ముందు అనిత మేడమ్ దిగింది. దిగి, రెండడుగులు వేసి, నిలబడిపోయింది. ఆ తర్వాత పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది. మేం వెళ్ళేసరికి లోపలి గోడ దగ్గర ఉంది. గోడ మీద అరచేయి ఆనించి తీసి, అంటిన సున్నం చూసుకుంటోంది.

"యే కిస్‌నే కియా?" ఇదెవరు చేశారని అడిగింది.

ఆమె పెదాలు యోహానుకు బాగా కనిపించాయి. ఆమె మొహంలో మిగతాది అతను చూడలేదు. చొక్కా సర్దుకుని, నవ్వుతూ, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "మైనే, మేడమ్" అన్నాడు.

ఆ నవ్వు నేను చచ్చేదాకా మరచిపోను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయి, నెమ్మదిగా చెప్పింది. ఈ గోడ మీద పాత గచ్చు, దాని మీద ఎర్రరంగు తీగ ఉండేది. ఆ తీగను చూసే ఇది ఎంత పాతదో తెలిసింది. దాన్ని చూపించే పై వాళ్ళను ఒప్పించాను. సున్నం ఒక్కటే అయితే నెమ్మదిగా తీయించవచ్చు. కానీ గోకేశారు కదా, కింద ఇక ఏమీ లేదు అంది. యోహాను ఆమె నోటివైపే చూస్తున్నాడు. అర్థమవుతున్న కొద్దీ చెయ్యి ఛాతీ మీద నుంచి జారిపోయింది. వెనక్కి తిరిగి మార్త వదిన వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. పూల సంగతి తనే చెప్పానన్న మాట మార్త వదిన ఆ రోజు అనలేదు, ఆ తర్వాతా ఎన్నడూ అనలేదు. నేనయితే అనేవాణ్ణి.

సేఠ్ కాచుకుని ఉన్నాడు. గడువు లోపలే అభ్యంతరం పెట్టించాడు. వాడి వకీలు ఫోటోలు చూపించాడు. ఇదిగో కొత్త సిమెంటు, ఇదిగో పైపు శిలువ, ఇదిగో తాజా సున్నం. ఇది పాత కట్టడమేమిటి, నా కక్షిదారు భూమిలో ఎవరో కొత్తగా కట్టుకుంటున్న చర్చి అన్నాడు. అందులో ఒక్క ఫోటో కూడా అబద్ధం కాదు. నాకు మంట అక్కడే. దొంగ కాగితాలు పుట్టించినా, లంచాలు పోసినా తిట్టుకోవడానికి ఒక మొహం దొరికేది. మా చేతులతో మేమే సున్నం కొట్టి ఇచ్చాం.

యోహాను కాళ్ళరిగేలా తిరిగాడు. ఠాణేలో ఆ ఆఫీసు, ఈ ఆఫీసు. మోజెస్ సెలవు పెట్టి వెంట వెళ్ళేవాడు. అనిత మేడమ్ తను చేయగలిగింది చేసింది, పై వాళ్ళ దగ్గర మాట కూడా పడింది. ఒక ఆఫీసులో యోహాను బల్ల మీదికి రెండు చేతులూ చాచాడట. "తప్పు జేసింది నేను. శిక్ష బోర్డు మీదనే రాసి ఉన్నది. నన్ను జైల్ల ఎయ్యిరి, గుడిని ఇడిసిపెట్టురి" అన్నాడట. మోజెస్ దాన్ని మరాఠీలో చెప్పలేక ఏడ్చేశాడు. బల్ల అవతలి ఆయన ఇద్దరికీ నీళ్ళిచ్చి పంపాడు.

వానలు వెళ్ళాక బోర్డు పీకేశారు.

సేఠ్ మనుషులు వచ్చి, సమాధి ఉందని విన్నాం, కావాలంటే తీసుకెళ్ళండి అన్నారు. మర్యాదగానే అన్నారు. ఎముకలు ఏరి శ్మశానంలో పెట్టుకుందామని మోజెస్ అన్నాడు. యోహాను పార పట్టుకుని లేచాడు. మార్త వదిన గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఒక్కపారి మట్టిచ్చిన. రెండోపారి ఇయ్య. నా బిడ్డ ఆడ్నే ఉంటది" అంది. "నీకు పారతోని దానికి దెబ్బ తగిలితే ఏం జేస్తవ్?"

ఇరవై ఏళ్ళ కింద పోయిన పిల్లకు పార దెబ్బేమిటని మీరు అడగొచ్చు. మేం అడగలేదు. యోహాను పార గోడకు ఆనించాడు.

జేసీబీ ఒక్క పూటలో పని పూర్తి చేసింది. ఎన్ని వందల ఏళ్ళ గోడలో గాని, పడటానికి అంత సేపు కూడా పట్టలేదు. రాళ్ళన్నీ పునాది పూడికలోకే తోశారు. పక్కగుమ్మం మెట్టు తనకు ఇమ్మని యోహాను డ్రైవరును బతిమిలాడాడు. డ్రైవరు మంచివాడే, బకెట్‌తో ఎత్తి పక్కన పెట్టబోయాడు. జారి పూడికలో పడింది. దాని మీద మొరం లారీలు వరసగా వచ్చి దించాయి. ఎంతో పొడుగు నేల, ఎంతో ఎత్తుకు. సాయంత్రానికి ఖాడీపాడా గట్టు ఏది, మడి ఏది అన్నది కూడా తెలియలేదు.

మోజెస్ జేసీబీ రాకముందే సమాధి దగ్గర నిలబడి ఫోనులో లొకేషను పెట్టుకున్నాడు. చదువుకున్న పిల్లాడు, ఆ తెలివి వాడికి ఉంది. షెడ్డు లేచాక చూస్తే ఆ నీలం చుక్క ఒకసారి గోడౌన్ మధ్యలో, ఒకసారి గేటు బయట, ఒకసారి ఖాడీ నీళ్ళలో కనపడింది. రేకుల కప్పు కింద అంతే అన్నారు వాడి స్నేహితులు.

ఆ గోడౌన్‌లోనే యోహాను వాచ్‌మన్‌గా చేరాడు. నాకు తెలిసిన రోజు అతని ఇంటికి వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను. సిగ్గు లేదా, వాడి ఉప్పు తింటావా అన్నాను. పెదాలు చూడకుండా మొహం తిప్పుకున్నాడు. చెవిటివాడితో గొడవ అంతటితో ఆగిపోతుంది. నేను బయటికి వచ్చాక మార్త వదిన వెనకే వచ్చి, "తిట్టకు స్వామీ. బిడ్డ ఒక్కతే పండదు గదా" అంది.

గోడౌన్ నేల మీద గీతలు ఉంటాయి. మాలు పెట్టేచోట పసుపు గీత, నడిచే దారికి పసుపు గీత. ఆ గీతలు వేసే రోజున యోహాను కూడా ఒక బ్రష్షు అడిగి తీసుకుని, తెల్లరంగుతో ఒక చిన్న పెట్టె గీశాడు. పిల్ల పడుకునేంత. సిద్ధార్థ అని సూపర్‌వైజరు కుర్రాడు వచ్చి ఇదేమిటని అడిగాడు. "ఈడ కింద గుల్ల ఉన్నది సాబ్. పాత ఇమారత్ ఉండె. మాలు పెడితే నేల కూలుతది" అన్నాడు యోహాను. సిద్ధార్థకు తన ఉద్యోగం మీద భయం. ఆ పెట్టెలో ఎవరూ సరుకు పెట్టొద్దని అందరికీ చెప్పాడు. ఫోర్క్‌లిఫ్టు నడిపే రాంప్రసాద్ ఆ రోజు నుంచి దాని చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నాడు. టైరు మరక పడితే యోహాను తడిగుడ్డతో తుడుస్తాడు. రంగు మాసిపోతే మళ్ళీ గీస్తాడు.

ఈ ఏడు ఈస్టరుకు మార్త వదిన వస్తానంది. ఆదివారమైనా గోడౌన్‌కు సెలవు లేదు. మోజెస్ సిద్ధార్థను బతిమిలాడి కాసేపు లోపలికి అనుమతి తీసుకున్నాడు. నేను తోడు వెళ్ళాను. నిప్పు నిషేధం కాబట్టి గేటు దగ్గర వదిన చేతిలోని కొవ్వొత్తి తీసుకున్నారు. తెల్లచీర కట్టుకుని, చెప్పులు విప్పి, ఆ కాంక్రీటు మీద ఆమె నడుస్తుంటే లోడింగువాళ్ళు పని ఆపి చూశారు. కప్పు దాకా పెట్టెలు. ఎక్కడా కాలు పెట్టే సందు లేదు. మధ్యలో ఆ చిన్న తెల్లగీతల పెట్టె మాత్రం ఖాళీగా, శుభ్రంగా ఉంది.

యోహాను దాని పక్కన నిలబడి చెయ్యి చూపించాడు. వదిన ఆగింది. చుట్టూ చూసింది. గోడలు లేవు, కమాను లేదు, మెట్టు లేదు. ఆమె ఆ పెట్టెను దాటి ముందుకు నడిచింది. లారీలు వెనక్కి వచ్చి ఆనే పెద్ద తలుపు దాకా వెళ్ళి, అక్కడ నిలబడింది.

"ఈడ" అంది.

"కాదు" అన్నాడు యోహాను. "ఈడ్నే. నేను అడుగులేసి జూసిన."

"దేని నుంచి అడుగులేసినవ్? ఏమున్నదని?" అంది ఆమె. "నేను కూసుంటే ఖాడీ గాలి ఈ చెంపకు కొట్టేది. ఎండ ఎన్క నుంచి వచ్చేది. ఈడ్నే నా బిడ్డ."

యోహాను తన పెట్టె వైపు చూశాడు, ఆమె కాళ్ళ వైపు చూశాడు. ఇద్దరి మధ్య దూరం ఎంతో ఉంది. నా వైపు తిరిగాడు. పెట్టె మోసినవాణ్ణి, గుంట తవ్వినవాణ్ణి, నేను చెబుతాననుకున్నాడు. నేను నలువైపులా చూశాను. నాకు తెలియలేదు. ఏ మూల నుంచి చూసినా అదే రేకు, అదే సిమెంటు. గుడి నిలబడి ఉన్నన్నాళ్ళు, కళ్ళు మూసుకుని వెళ్ళినా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళగలిగేవాళ్ళం.

"మెట్టుంటే తెలుస్తుండె" అన్నాడు యోహాను.

అతను ఏడవడం ఇన్నేళ్ళలో నేను చూసింది ఆ ఒక్కసారే. శబ్దం లేకుండా ఏడవడం తెలియదు అతనికి, తన శబ్దం తనకు వినపడదు కాబట్టి. గోడౌన్ అంతా వినపడింది. మార్త వదిన వచ్చి మోచేత్తో మెల్లగా పొడిచింది, ప్రార్థనలో పొడిచినట్టు. అతను ఆగాడు.

రెండో పెట్టె గీయడానికి సిద్ధార్థ ఒప్పుకోలేదు. సరుకు దిగేచోట ఖాళీ వదలడం కుదరదన్నాడు. యోహాను తన పెట్టెను అలాగే ఉంచి, గేటు దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని మార్త వదిన చూపించినచోట వేసుకున్నాడు.

మొన్న మళ్ళీ వెళ్ళి చూశాను. అక్కడే కూర్చుని ఉన్నాడు, ఒక చెయ్యి కుర్చీ పక్క నుంచి కిందికి వేలాడేసి. లారీ వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. అతనికి వినపడదు. ఇంకోసారి కొట్టింది. ఆఖరికి డ్రైవరు దిగి వచ్చి భుజం తట్టాడు. యోహాను లేచి, కుర్చీ తీసి, సరుకు దిగేదాకా పక్కన నిలబడి, లారీ కదిలాక కుర్చీ మళ్ళీ అక్కడే వేసుకున్నాడు. ఆ గోడౌన్‌లోకి వచ్చే ప్రతి బండీ ముందు అక్కడ ఆగుతుంది, ప్రతి డ్రైవరూ దిగి వచ్చి కాస్త జరగమని అతన్ని అడుగుతాడు.